ప్రభువు బల్ల అంటే ఏమిటి? మా తాత దగ్గర నేర్చుకున్న జవాబు

పోయిన నెల మన తెలుగు సంఘం సమావేశం ముగిశాక అందరం టీ తాగుతూ నిలబడి ఉన్నాం. కొత్తగా కమిటీలోకి వచ్చిన ఒక అబ్బాయి నా దగ్గరికి వచ్చి, “సార్, ఒక మాట అడగొచ్చా? ఈస్టరు పండక్కి నా స్నేహితుడితో చర్చికి పోయాను. అందరూ వరసగా ముందుకు పోయి చిన్న బిళ్ల ఒకటి నోట్లో వేసుకుని, ఏదో ఒక గుక్క తాగి వచ్చారు. నన్ను మాత్రం కూర్చోమన్నాడు. అది మన ప్రసాదం లాంటిదేనా? అయితే నాకెందుకు ఇవ్వలేదు?” అన్నాడు.

పక్కనున్న పెద్దాయన “మతం సంగతులు ఇక్కడెందుకు నాయనా” అని ఆపబోయారు. పరవాలేదని నేనే అన్నాను. తెలియనిది అడిగితే తప్పేముంది? అప్పటికి రెండు ముక్కల్లో ఏదో చెప్పాను గానీ, ఇంటికొచ్చాక నాకే తృప్తిగా అనిపించలేదు. జీవితమంతా గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. అడిగిన దానికి వివరంగా రాసి పంపడం అలవాటు. అందుకే ఈ వ్యాసం. నేను పాదిరిని కాను, వేదశాస్త్రం చదివినవాణ్ణీ కాను. చర్చిలో వెనక వరస బెంచీలో కూర్చునే మామూలు మనిషిని. నాకు తెలిసింది కొంత పుస్తకాల వల్ల, ఎక్కువ భాగం మా తాత వల్ల.

ముందు ఒక చిన్న సంగతి. ఈ వైపు తెలుగువాళ్లలో క్రైస్తవులం ఉన్నామనే చాలామందికి తెలియదు. ఆంబూరు అంటే బిర్యానీ, తోలు చెప్పులు. వేలూరు అంటే కోట, సీఎంసీ ఆసుపత్రి. గుడియాత్తం అంటే లుంగీలు, అగ్గిపెట్టెలు. కానీ 1911లో చిత్తూరు జిల్లా విడిగా ఏర్పడేదాకా ఈ ఊళ్లు, చిత్తూరు, పలమనేరు అన్నీ ఒకే ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేవి. జనం పని కోసం అటూ ఇటూ తిరిగేవాళ్లు. అలా పలమనేరు వైపు నుంచి తోలు పనికి ఆంబూరు వచ్చి స్థిరపడినవాడు మా తాత. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, గుళ్లోనూ తమిళమే. మేం చర్చిని ‘గుడి’ అనే అంటాం.

ఆ రాత్రి భోజనం

యేసును సిలువ వేయడానికి ముందు రాత్రి, ఆయన తన పన్నెండుమంది శిష్యులతో కూర్చుని భోంచేశాడు. అది యూదుల పస్కా పండుగ సమయం. తమ పూర్వీకులు ఐగుప్తులో బానిసత్వం నుంచి విడుదలై వచ్చిన రోజును యూదులు ఆ పండుగలో తలుచుకుంటారు. తొందరగా బయలుదేరాల్సి వచ్చింది, పిండి పులిసేదాకా ఆగే తీరిక లేదు. అందుకే ఆ పండక్కి పులియని రొట్టె తింటారు.

ఆ భోజనంలో యేసు రొట్టె తీసుకుని దేవుడికి కృతజ్ఞతలు చెప్పి, విరిచి అందరికీ పంచాడు. అది తన శరీరమన్నాడు. తరవాత ద్రాక్షారసం ఉన్న గిన్నె ఇచ్చి, అది తన రక్తమన్నాడు. తనను జ్ఞాపకం చేసుకుంటూ ఇలా చేస్తూ ఉండమన్నాడు. మరుసటి రోజు ఆయన్ని సిలువ వేశారు. దాదాపు 2000 సంవత్సరాలుగా క్రైస్తవులు ఆ భోజనాన్ని కొనసాగిస్తూనే ఉన్నారు. ఆ అబ్బాయి చూసిన బిళ్ల పులియని పిండితో చేసిన పల్చటి రొట్టె. తాగింది ద్రాక్షారసం. మా వైపు చాలా గుళ్లలో ఎండు ద్రాక్షను ఉడికించి ఆ రసాన్ని తయారు చేసుకుంటారు.

ఈ భోజనం గురించి మనకు దొరికిన అన్నింటికన్నా పాత రాత, సువార్త పుస్తకాల కంటే ముందుది. క్రీ.శ. 55 ప్రాంతంలో పౌలు కొరింథు అనే గ్రీకు పట్టణంలోని సంఘానికి రాసిన ఉత్తరం. ఆయన ఎందుకు రాశాడో చాలామంది క్రైస్తవులకే గుర్తుండదు. అక్కడ కలిగినవాళ్లు ముందుగా వచ్చి కడుపునిండా తిని తాగేసేవారు. కూలి పని ముగించుకుని ఆలస్యంగా వచ్చే బీదలకు ఏమీ మిగిలేది కాదు. పౌలుకు కోపం వచ్చింది. మీరు తింటున్నది ప్రభువు భోజనమే కాదు పొమ్మన్నాడు. ఒకరి కోసం ఒకరు ఆగండి, తినే ముందు ఎవరికి వారు తమను పరీక్షించుకోండి అని రాశాడు.

అంటే ఈ భోజనం గురించి మొదట రాయాల్సి వచ్చింది దేవుడి గురించిన సందేహం వల్ల కాదు. పక్కవాడికి మిగల్చకుండా తిన్నందుకు. నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క సంగతి చుట్టూనే ఉంది.

పేర్లు ఎన్నో, బల్ల ఒకటే

తెలుగు క్రైస్తవులు దీన్ని ప్రభు భోజనం అంటారు, ప్రభురాత్రి భోజనం అంటారు, సంస్కారం అంటారు. మామూలు మాటల్లో ‘బల్ల’ అని ముగిస్తారు. “ఈ ఆదివారం బల్ల ఉంది” అంటే అర్థం అదే. తమిళంలో తిరువిరుందు, రాప్పోజనం అంటారు. తమిళ కథోలికులు నర్‌కరుణై అంటారు. మన తెలుగు కథోలికులు ‘దివ్య సత్ప్రసాదం’ అంటారు.

చూశారా, ఆ పేరులోనే ప్రసాదం ఉంది. కాబట్టి ఆ అబ్బాయి ప్రశ్న అమాయకమైనదేమీ కాదు. ప్రసాదం అంటే అనుగ్రహం. మనం సంపాదించుకున్నది కాదు, పైనుంచి దయతో దొరికింది. రొట్టె విషయంలో మా నమ్మకమూ అదే. అర్హత ఉండి తీసుకునేది కాదు, చేయి చాచి అందుకునేది.

తేడా ఎక్కడంటే, ప్రసాదాన్ని ఇంటికి తెచ్చి ఇరుగుపొరుగుకు పంచుతాం, దారినపోయేవాడికైనా పెడతాం. ఈ రొట్టెను మాత్రం అక్కడే, అందరితో కలిసి తినాలి. మా సంఘంలో బాప్తిస్మం పొంది, పాఠం నేర్చుకుని, కన్ఫర్మేషన్ అయినవాళ్లకే ఇస్తారు. మా సొంత పిల్లలకు కూడా ఆ వయసు వచ్చేదాకా ఇవ్వం. కొన్ని సంఘాల్లో చిన్నపిల్లలకూ ఇస్తారు. అది ఆ సంఘం పద్ధతిని బట్టి ఉంటుంది. కాబట్టి ఆ అబ్బాయిని కూర్చోమన్నది అవమానించడానికి కాదు. ఒక ఒప్పందంలో చేరినవాళ్లు చేసే సంతకం లాంటిది అది. చదవని కాగితం మీద ఎవరిచేతా సంతకం పెట్టించకూడదు గదా!

సంఘాల మధ్య అభిప్రాయ భేదాలూ ఉన్నాయి. రొట్టె, ద్రాక్షారసం నిజంగానే క్రీస్తు శరీర రక్తాలుగా మారతాయని కథోలికులు నమ్ముతారు. రొట్టె రొట్టెగానే ఉంటుంది, అయినా దానితో పాటు క్రీస్తు శరీరం నిజంగా ఉంటుందని లూథరన్లు అంటారు. ఇది జ్ఞాపకార్థం చేసేది మాత్రమేనని బాప్టిస్టులలో చాలామంది అంటారు. 1529లో జర్మనీలోని మార్బర్గ్ కోటలో మార్టిన్ లూథర్, స్విట్జర్లాండుకు చెందిన జ్వింగ్లీ కూర్చుని మాట్లాడుకున్నారు. దాదాపు అన్ని అంశాల మీదా ఒప్పందానికి వచ్చారు. ఈ ఒక్కదాని దగ్గర మాత్రం కుదరక విడిపోయారు. కలిసి తినమని చెప్పిన భోజనం గురించే కలవలేకపోవడం విచిత్రం. మా తాతకు ఈ చర్చలేవీ తెలియవు. “ఆయన ఉండానన్నాడు, ఉండాడు. యెట్లా ఉండాడో ఆయన చూసుకుంటాడు” అనేవాడు.

తంగేడు పట్ట వాసన

ఆంబూరు వైపు లూథరన్ సంఘం పాతది. అమెరికా నుంచి మిస్సౌరీ లూథరన్ మిషన్‌వాళ్లు 1895లో కృష్ణగిరిలో పని మొదలుపెట్టి, ఆ తరవాత ఆంబూరుకు వచ్చారు. కంకార్డియా పాఠశాల, బెతెస్దా ఆసుపత్రి ఆ మిషన్ పెట్టినవే. తరవాత ఆ సంఘమే ఇండియా ఎవాంజెలికల్ లూథరన్ చర్చి అయింది. వేలూరు వైపు అమెరికన్ ఆర్కాట్ మిషన్ పనిచేసింది. ఆ సంఘాలు 1947 సెప్టెంబరు 27న ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘంలో, అంటే సీఎస్‌ఐలో కలిశాయి. లూథరన్లు అందులో చేరలేదు. మా బంధువుల్లో రెండు వైపులవాళ్లూ ఉన్నారు. మా తాత లూథరన్.

ఆయన పని తోల్ షాపులో. పచ్చి తోళ్లను సున్నపు తొట్లలో నానబెట్టి, వెంట్రుకలు తీసి, ఆ తరవాత పట్ట నీళ్లలో వేసేవారు. ఆ పట్ట తంగేడు పట్ట. తమిళంలో ఆవారం పట్టై అంటారు. చివర్లో కరక్కాయ పొడి వాడేవారు. ఇప్పుడు చాలావరకు క్రోమ్ రసాయనాలు వచ్చాయి గానీ, పాతకాలపు తోలు తంగేడుతో అయ్యేది. సున్నానికి తాత వేళ్ల చివర్లు పగిలి ఉండేవి. పట్ట నీళ్లకు అరచేతులు ఎర్రమట్టి రంగు తిరిగిపోయాయి. ఎంత కడిగినా ఆ రంగు పోదు, ఆ వాసన పోదు.

బల్ల ఉన్న ఆదివారానికి ముందు శనివారం సాయంత్రం ఆయన బావి దగ్గర కూర్చుని సీకాయ, నిమ్మచెక్క పెట్టి చేతులు రుద్దుకునేవాడు. చిన్నప్పుడు నేను నీళ్లు పోసేవాణ్ణి. “పోలేదు తాతా, ఇంకా వాసన వస్తాంది” అనేవాణ్ణి. “పోదులేరా. కడుక్కున్నానని ఆయనకు తెలిస్తే చాలు” అనేవాడు.

ఆదివారం ఆ రెండు చేతులనూ ఒకదాని మీద ఒకటి పెట్టి, దోసిలిలా చాచి మోకాళ్ల మీద ఉండేవాడు. పాదిరి గారు తెల్లటి అంగీలో వచ్చి ఆ ఎర్రటి అరచేతిలో తెల్లటి బిళ్ల పెట్టేవారు. పిల్లవాణ్ణి కాబట్టి నాకు రొట్టె లేదు. బెంచీలో కూర్చుని ఆ చెయ్యే చూస్తూ ఉండేవాణ్ణి. తమిళంలో రొట్టెను అప్పం అంటారు. మా అవ్వ చేసే కొబ్బరిపాల అప్పం లాంటిదేమో, తాత ఒక్కడే తినేస్తున్నాడని నాకు కోపంగా ఉండేది.

ఆరాధనంతా తమిళంలోనే జరిగేది. పరమండల జెబం అని అందరూ మొదలుపెట్టగానే తాత మాత్రం గొంతు తగ్గించి తెలుగులో పరలోక ప్రార్థన చెప్పుకునేవాడు. అడిగితే, “దేవుడికి అరవం రాదని కాదురా, నాకే ఏడుపు తెలుగులో వస్తుంది” అన్నాడు. ఆయన ట్రంకు పెట్టెలో మూడు పుస్తకాలు ఉండేవి: తెలుగు బైబిలు, ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు, లూథర్ రాసిన చిన్న జ్ఞానోపదేశం. ఇంటి పెద్ద తన ఇంట్లోవాళ్లకు నేర్పడానికని లూథర్ 1529లో రాసిన చిన్న పుస్తకం ఈ చివరిది. దాని గురించి తెలుగువాళ్లందరూ తెలుసుకోవాల్సిన మాట ఒకటుంది. మద్రాసులో పనిచేసిన బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ మిషనరీ దాన్ని తెలుగులోకి మార్చి, 1746లో జర్మనీలోని హాలె పట్టణంలో అచ్చు వేయించాడు. తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాల్లో అది ఒకటి. మన అక్షరాలు మొదట అచ్చుకెక్కినవాటిలో ఒకటి ఇలాంటి ఇంటి పాఠాల పుస్తకం కావడం నాకు సంతోషం.

శనివారం తిరిగే తిరుగుడు

చేతులు కడుక్కున్నాక తాత తెల్ల చొక్కా తొడుక్కుని బయలుదేరేవాడు. ముందు పాదిరి గారి ఇంటికి పోయి, రేపు బల్ల తీసుకుంటున్నానని పేరు రాయించేవాడు. లూథరన్లలో ఇది పాత పద్ధతి. ఎవరు వస్తున్నారో పాదిరికి ముందే తెలియాలి. ఏదైనా తగాదా ఉంటే అడగాలి, పాపపు ఒప్పుకోలు జరగాలి. ఇప్పుడు చాలా చోట్ల ఆ పద్ధతి సడలింది. ఆరాధన మొదట్లో అందరూ కలిసి ఒప్పుకోలు చెప్పడంతో సరిపోతోంది.

పాదిరి గారి ఇంటి తరవాత అసలు పని మొదలయ్యేది. ఆ నెలలో ఎవరితో మాట తేడా వచ్చిందో వాళ్ల ఇంటికి పోయేవాడు. ఒకసారి తోల్ షాపు మేస్త్రీ ఇంటికి, ఒకసారి అప్పు ఎగ్గొట్టిన చుట్టం ఇంటికి, ఒకసారి మా అవ్వ అన్న ఇంటికి. నన్ను వెంట తీసుకుపోయేవాడు. అక్కడ పెద్దగా ఏమీ మాట్లాడేవాడు కాదు. తిన్నె మీద కూర్చుని “రేపు బల్ల ఉంది, అందుకని వచ్చినాను” అనేవాడు. వాళ్లు క్రైస్తవులు కాకపోయినా అదే మాట. కొందరు నవ్వేవారు. కొందరు నీళ్లిచ్చేవారు. మేస్త్రీ మాత్రం ఒకసారి తలుపు తీయలేదు. తాత చాలాసేపు వాకిట్లో నిలబడి తిరిగి వచ్చేశాడు. మరుసటి రోజు గుడికి వచ్చాడు గానీ బల్ల దగ్గరికి పోలేదు. “తప్పు ఆయనది గదా తాతా, నువ్వెందుకు మానుకున్నావు?” అని అడిగాను. “తప్పెవురిదైనా, మధ్యలో తలుపు మూసుండాది గదరా” అన్నాడు.

పాదిరి గారే ఆ తరవాత ఆయనకు చెప్పారట, నువ్వు పోయి నిలబడ్డావు, అది చాలు, బల్లకు రావచ్చు అని. ఒప్పుకున్నాడు గానీ మేస్త్రీ ఇంటికి పోవడం మానలేదు.

ఆయన విశ్వాసం ఇలా చిన్న చిన్న పనుల్లో ఉండేది. అన్నం ముందు కళ్లు మూసుకుని ఒక మాట. పొద్దుగూకాక లాంతరు దగ్గర బైబిల్లో ఒక అధ్యాయం. మా అవ్వ రోజూ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి విడి కుండలో వేసేది. పిడి అరిసి అంటారు. ఆ కుండ నిండాక గుడికి పోయేది, అక్కణ్నుంచి లేనివాళ్లకు. మా ఇంట్లో బియ్యం తక్కువైన రోజుల్లో కూడా ఆ పిడికెడు తగ్గేది కాదు. గుళ్లో బల్లకూ, వంటింట్లో కుండకూ సంబంధం ఉందని నాకు చాలా కాలం తెలియలేదు.

ఒకే గిన్నె

మా చిన్నప్పుడు గుళ్లో ఒకే వెండి గిన్నె ఉండేది. పాదిరి గారు ఒక్కొక్కరి పెదవికీ ఆనించి, అంచును తెల్లటి గుడ్డతో తుడిచి పక్కవారికి ఇచ్చేవారు. పాఠశాల మాస్టరు, ఆసుపత్రి నర్సు, తోల్ షాపు కూలి అందరికీ అదే గిన్నె.

ఒక రోజు తాత నాతో అన్న మాట ఇది: “అంగట్లో నాకు టీ కొబ్బరిచిప్పలో పోసేవాళ్లురా. గుళ్లో వెండిగిన్నెతో ఇచ్చినారు. నోరు మాత్రం అదే నోరు.”

ఆ రోజుల్లో టీ అంగళ్లలో కొందరికి విడిగా గ్లాసులు, చిప్పలు ఉండేవని పెద్దవాళ్లకు తెలుసు. రెండు గ్లాసుల పద్ధతి అంటారు. ఆ మనిషికి ఆ వెండి గిన్నె ఏమై ఉంటుందో నేను ఉద్యోగంలో చేరి, నాకంటూ ఒక కుర్చీ, టేబుల్ వచ్చాక గానీ సరిగా అర్థం కాలేదు.

అయితే ఇందులో గొప్పలు చెప్పుకోవడానికి లేదు. కొబ్బరిచిప్ప గుడి బయట మాత్రమే ఉండేదని అనుకుంటే అబద్ధమవుతుంది. మన మద్రాసు రాష్ట్రపు పాత సంఘాల్లోనే కులాన్ని బట్టి వేరు వేరు చోట్ల కూర్చునేవారు. పై కులాలవాళ్లు బల్ల దగ్గరికి ముందు, మిగతావాళ్లు తరవాత. కొన్ని చోట్ల గిన్నెలే వేరు. 1833లో కలకత్తా బిషప్ డేనియల్ విల్సన్ ఈ తేడాలన్నీ వెంటనే మానాలని ఆజ్ఞ పంపించాడు. మద్రాసు వేపేరిలోనూ తంజావూరులోనూ చాలామంది ఆ ఆజ్ఞకు లోబడటం కంటే సంఘం వదిలిపోవడమే మేలనుకున్నారు. కొరింథులో పౌలు తిట్టిన తప్పునే 1800 సంవత్సరాల తరవాత మనవాళ్లు మళ్లీ చేశారు.

దానికి ఎదురు నిలిచినవాళ్లూ ఉన్నారు. తిరునెల్వేలి వైపు తమిళుడైన వి.ఎస్. అజరయ్య తెలుగు నేర్చుకుని దోర్నకల్ వచ్చి, 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యాడు. సంఘంలోకి కులాన్ని రానివ్వకూడదని జీవితాంతం పోరాడాడు. ఒక తమిళుడు తెలుగువాళ్ల కోసం బతికాడు. తెలుగువాడైన మా తాత తమిళ గుళ్లో మోకరించాడు. మన రెండు భాషల మధ్య ఇలాంటి రాకపోకలు చాలా ఉన్నాయి, మనం చెప్పుకోం అంతే.

ఇప్పుడు చాలా గుళ్లలో గిన్నె బదులు చిన్న చిన్న కప్పులు వచ్చాయి. కొన్ని చోట్ల రొట్టెను రసంలో ముంచి ఇస్తారు. అంటువ్యాధుల భయంతో అమెరికాలో 1890ల నుంచే విడి కప్పులు మొదలయ్యాయి. కరోనా తరవాత ఇక్కడా ఎక్కువయ్యాయి. నేను దానికి వ్యతిరేకిని కాను. ఆరోగ్యం కావాలి. కానీ వెండి గిన్నె తీసి బీరువాలో పెట్టినప్పుడు, అది ఏం చెప్పేదో ఆ సంగతిని కూడా బీరువాలో పెట్టకూడదు.

నా సంగతి

ఇంతదాకా తాత గురించి చెప్పాను. నా గురించి చెప్పకపోతే సగం ఫైలు దాచినట్టే.

మా నాయన పోయాక ఇంటి స్థలం పంపకంలో నాకూ మా తమ్ముడికీ మాట తేడా వచ్చింది. మూడు అడుగుల సందు. కాగితాల పని తెలిసినవాణ్ణి కాబట్టి నేనే గెలిచాను. తమ్ముడు తన భాగం అమ్ముకుని గుడియాత్తం పోయి అక్కడే స్థిరపడ్డాడు. ఆరేళ్లు మాటల్లేవు. ఆ ఆరేళ్లూ నేను ప్రతి నెలా బల్ల తీసుకుంటూనే ఉన్నాను. ఒక్కసారి కూడా మానలేదు. ఒప్పుకోలు చదివేవాణ్ణి, ఆమెన్ అనేవాణ్ణి, బిళ్ల తినేవాణ్ణి. ఇంటికొచ్చి ఆ సందులో నా స్కూటర్ పెట్టుకునేవాణ్ణి.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి గుళ్లు మూసేశారు. ఆరాధన ఫోనులోకి వచ్చింది. ఇంట్లోనే రొట్టె, రసం పెట్టుకుని పాదిరితో పాటు తీసుకోవచ్చా, కూడదా అని అన్ని సంఘాల్లోనూ వాదన నడిచింది. కొందరు సరేనన్నారు, కొందరు గుళ్లు తెరిచేదాకా ఆగుదామన్నారు. ఒక ఆదివారం మా కోడలు ఒక పళ్లెంలో బ్రెడ్డు ముక్కలు, స్టీలు గ్లాసులో ద్రాక్షరసం పెట్టింది. ఫోను ముందు ముగ్గురం కూర్చున్నాం. నేను ముక్క చేతిలోకి తీసుకున్నాను గానీ నోట్లో పెట్టుకోలేకపోయాను. అటూ ఇటూ చూశాను. పక్కన మోకరించే మనిషి లేడు. ఆ ఖాళీలో ఎవరు ఉండాలో నాకు తెలుసు. ముక్కను మళ్లీ పళ్లెంలో పెట్టేశాను.

గుళ్లు తెరిచాక, వచ్చే ఆదివారం బల్ల ఉంటుందని కబురు వచ్చింది. శనివారం మధ్యాహ్నం నేను పేర్ణాంబట్టు మీదుగా పోయే బస్సెక్కి గుడియాత్తం పోయాను. దారంతా ఏం మాట్లాడాలో మనసులో డ్రాఫ్టు రాసుకుంటూనే ఉన్నాను. తమ్ముడు తిన్నె మీద లుంగీతో కూర్చుని ఉన్నాడు. జుట్టు మొత్తం నెరిసిపోయింది. రాసుకున్నదంతా మరిచిపోయాను. “రేపు బల్ల ఉంది, అందుకని వచ్చినాను” అన్నాను.

వాడు కొంచెంసేపు నా మొహం వంక చూసి, “తాత మాట అది” అన్నాడు.

మరదలు సంగటి, ఎసరు పెట్టింది. ఇద్దరం తిన్నాం. ఎండల గురించి, పిల్లల చదువుల గురించి మాట్లాడుకున్నాం. సందు మాట ఎవరూ ఎత్తలేదు. బస్సు దగ్గరికి వచ్చాడు. అప్పుడు నేను “ఆ సందు సంగతి...” అని మొదలుపెట్టాను. “ఉండనీలే అన్నా, బస్సొచ్చింది” అన్నాడు. మరుసటి రోజు బిళ్ల నా చేతిలో పెట్టినప్పుడు, ఆరేళ్లలో మొదటిసారి నాకు అది బరువుగా తోచింది.

ఆ సందు ఖరీదు లెక్కగట్టి తమ్ముడి కూతురి పేర డిపాజిట్టు వేద్దామన్నాను. వాడు ఇంకా సరేననలేదు. కాబట్టి ఈ ఫైలు ఇంకా ముగియలేదు. కానీ తలుపు మూసి లేదు.

మిత్రులకు నాలుగు మాటలు

క్రైస్తవ స్నేహితుడితో చర్చికి పోయినప్పుడు బల్ల ఉంటే, మీరు మీ చోటే ప్రశాంతంగా కూర్చోవచ్చు. ఎవరూ తప్పుగా అనుకోరు. కొన్ని సంఘాల్లో రొట్టె తీసుకోనివాళ్లు కూడా ముందుకు వెళ్లి పాదిరి గారి ఆశీర్వాదం పొందవచ్చు. అక్కడి పద్ధతి ఏమిటో స్నేహితుణ్ణి ముందే అడగండి. ఫోటోలు తీయకండి. రొట్టెను చేతిలో దాచి తెచ్చుకోకండి. బయటికి వచ్చాక ఏ సందేహమున్నా అడగండి, మాకు సంతోషమే.

మా క్రైస్తవ మిత్రులకు కూడా ఒక మాట. మన పిల్లలకు తెలుగు చదవడం రావడం లేదు. 2006 చట్టం తరవాత బడుల్లో తెలుగు ఎలా తగ్గుతూ వచ్చిందో ఈ పోర్టల్ పాఠకులకు నేను చెప్పనక్కర్లేదు. గుళ్లో తమిళం ఉండనీయండి, మంచిదే. ఇంట్లో పొద్దుగూకాక ఒక్క అధ్యాయమైనా తెలుగులో చదివించండి. మా మనవడు తాత బైబిల్లో ఇప్పుడిప్పుడే కూడబలుక్కుని చదువుతున్నాడు. పేజీల అంచుల్లో ఎర్రటి వేలిముద్రలు చూసి, “ఇదేం మరక తాతా?” అన్నాడు. తంగేడు పట్ట సంగతి చెప్పాను.

ఇక ప్రశ్న అడిగిన అబ్బాయికి. బాబూ, వచ్చే మొదటి ఆదివారం మా గుడికి రా, నా పక్కనే కూర్చో. బల్ల దగ్గరికి నేనొక్కణ్ణే పోయి వస్తాను, నువ్వు చూస్తూ ఉండు. ఆ తరవాత మా ఇంటికి పోదాం, మధ్యాహ్నం భోజనం కలిసి తిందాం. ఆ భోజనానికి పాఠం, కన్ఫర్మేషన్ ఏమీ అక్కర్లేదు. గుడియాత్తం నుంచి మా తమ్ముణ్ణి కూడా రమ్మన్నాను.